వాసన లేని ప్రొటీన్ (తిండీ-కులం సీరీస్, 9వ భాగం)



పోయిన నెల డాక్టరు నా రిపోర్టులు చూసి పది కిలోలు తగ్గమన్నాడు. షుగరు గీత మీద నిలబడి ఉన్నాను, ఇంకో అడుగేస్తే లోపలే. అన్నం సగం చెయ్యి, ప్రొటీన్ పెంచు అని ఒక చార్టు రాసిచ్చారు. ఆ చార్టు పట్టుకుని పోయి రెండు ప్యాకెట్లు కొనుక్కొచ్చుకున్నాను. ఒకటి మీల్‌మేకర్. ఇంకొకటి వే ప్రొటీన్ పొడి, ఏ ఫ్లేవరూ లేనిది. తీపి మానేయాలనుకున్నవాణ్ణి చాక్లెట్ డబ్బా ఎందుకు కొంటాను?

పది రోజులు తిన్నాక నాలుక సమ్మెకు దిగింది. ఆ పొడి నీళ్ళలో కలిపితే సున్నం తేట. మీల్‌మేకర్ నమిలితే తడిసిన స్పాంజి.

అదే టైముకు ఊరి నుంచి అమ్మ వచ్చింది. ఆ పొడి చిటికెడు నాలుక మీద వేసుకుని, "గిదేంది బిడ్డా, సుద్ద లెక్కున్నది. పైసలు పెట్టి కొన్నవా?" అన్నది. ధర చెప్పే ధైర్యం చెయ్యలేదు. మీల్‌మేకర్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని, "దీనికి వాసననే లేదు" అన్నది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే, నిజం చెప్తున్నాను, వాసన లేదు కాబట్టే నేను దాన్ని కొన్నాను.

పదిహేనేళ్ళ కింద హైదరాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అమ్మ పంపిన ఎండు తునకలు ఒక ఆదివారం గ్యాస్ మంట మీద కాల్చాను. సాయంత్రానికి ఇంటాయన తలుపు దగ్గరున్నాడు. "మీరేం తింటారో నేనడగను, వాసన మాత్రం రావద్దు" అన్నాడు. ఆ నెలాఖరుకు గది ఖాళీ చేయించాడు. నా కులం పేరు ఎవరూ అడగలేదు. నా కూర చెప్పేసింది. అప్పటి నుంచి నా వంటింట్లో కిటికీ మూసి వండటం అలవాటైంది. తర్వాత వండటమే తగ్గింది. పదిహేనేళ్ళకు వాసన లేని ప్రొటీన్ ప్యాకెట్ దగ్గరికి చేరుకున్నాను.

అందుకే ఈ వారం ఆ ప్యాకెట్ చరిత్ర. మాంసకృత్తుల్లోంచి రుచిని ఎవరు తీసేశారు? తీసేసిన రుచిని మళ్ళీ ఎవరు అమ్మారు? మనం ఎట్లా తిరిగి తెచ్చుకోవాలి?

*

కథ జర్మనీలో మొదలవుతుంది. యుస్టస్ ఫాన్ లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త మాంసాన్ని ఉడికించి, ఆ రసాన్ని లేహ్యంలాగా చిక్కబరిచే పద్ధతిని 1847లో రాశాడు. అప్పట్లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో పశువుల్ని తోలు కోసం చంపి, మాంసాన్ని చాలావరకు పారేసేవాళ్ళు. 1865లో లీబిగ్ పేరు మీద లండన్‌లో కంపెనీ పెట్టి, ఉరుగ్వేలోని ఫ్రే బెంతోస్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో ఆ రసం తీశారు. ఒక కిలో లేహ్యానికి ముప్ఫై కిలోలకు పైగా మాంసం పట్టేది. డబ్బా మాంసం బలం అని యూరప్ అంతా అమ్మారు. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఆ డబ్బాలో రుచి ఉంది గానీ, చెప్పినంత పోషణ లేదు. ప్రొటీన్ పిప్పిలోనే మిగిలిపోయింది.

రెండో కథ స్విట్జర్లాండ్‌ది. అక్కడ బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు పొద్దంతా పనిచేస్తున్నారు, వండుకునే టైము లేదు, మాంసం కొనే కూలి లేదు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ఫ్రిడోలిన్ షూలర్ అనే డాక్టరు, పప్పుదినుసుల పిండి వాళ్ళకు మాంసం లోటు తీరుస్తుందన్నాడు. యూలియస్ మ్యాగీ అనే పిండిమర యజమాని 1884లో ఆ పిండి తయారుచేసి అమ్మాడు. అవును, నూడుల్స్ ప్యాకెట్ మీద మనం చూసే పేరు ఆయనదే. కానీ కడుపుకు పనికొచ్చే పిండి నాలుకకు కూడా పనికిరావాలి కదా. 1886లో రుచి కలిపిన సూప్ పొడులు, మాంసం రుచి వచ్చే నల్లటి ద్రవం బజారులోకి తెచ్చాడు. ఆ ద్రవంలో మాంసం లేదు. మొక్కల ప్రొటీన్‌ను విరగ్గొట్టి తీసిన రుచి అది. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి పట్టుకున్న గ్లుటమేట్ రుచి కూడా ఈ కుటుంబానిదే.

గమనించండి. లీబిగ్ డబ్బాలో రుచి ఉంది, బలం లేదు. మ్యాగీ పిండిలో బలం ఉంది, రుచి చాలలేదు. ఆ రెంటినీ విడదీసి, విడివిడిగా డబ్బు చేసుకోవచ్చని కంపెనీలకు అప్పుడే తెలిసిపోయింది.

*

ఇప్పుడు నా రెండు ప్యాకెట్ల పుట్టుక చూద్దాం.

చీజ్ చేసేటప్పుడు పాలు విరిగి గడ్డకట్టాక మిగిలే పచ్చటి తేటనీళ్ళే వే. పది లీటర్ల పాలకు సుమారు ఒక కిలో చీజ్ వస్తే, తొమ్మిది లీటర్ల తేట మిగులుతుంది. దాన్ని పందులకు పోసేవాళ్ళు, పొలాల్లో, వాగుల్లో వదిలేవాళ్ళు. నీళ్ళు పాడవుతున్నాయని పాశ్చాత్య దేశాల్లో చట్టాలు బిగుసుకున్నాయి. 1970ల నుంచి సన్నటి పొరల గుండా వడకట్టి అందులోని ప్రొటీన్ పట్టే యంత్రాలు వచ్చాయి. వాగులో పోసింది డబ్బాలోకి ఎక్కింది.

మీల్‌మేకర్ సోయా నుంచి నూనె పిండుకున్నాక మిగిలిన పిండి. దాన్ని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి తోస్తే ఉబ్బి, పీచుపీచుగా మాంసంలాగా తయారవుతుంది. 1960లలో అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్లాండ్ కంపెనీ దీన్ని పెద్దఎత్తున బజారులోకి తెచ్చింది. మన దగ్గర ఒక బ్రాండు పేరే వస్తువు పేరైపోయింది. ఎండు మీల్‌మేకర్ వంద గ్రాముల్లో సుమారు యాభై గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. తక్కువ ధరకు అంత దొరకడం చిన్న విషయం కాదు. హాస్టల్ పిల్లలు గుర్తు పెట్టుకోండి.

ఇక బరువు తగ్గించే డబ్బాల సంగతి. 1959లో మీడ్ జాన్సన్ కంపెనీ అమెరికాలో మెట్రెకాల్ అనే పొడి అమ్మింది. రోజుకు 900 క్యాలరీలు, అంతే. అది అంతకుముందు ఆ కంపెనీయే రోగుల కోసం చేసిన పొడికి తమ్ముడు. బక్కచిక్కినవాడికి బలం ఇవ్వడానికి పుట్టింది, బలిసినవాడు తగ్గడానికి వెనిలా, చాక్లెట్ రుచులతో మళ్ళీ పుట్టింది.

1976లో రాబర్ట్ లిన్ అనే అమెరికన్ వైద్యుడు 'చిట్టచివరి అవకాశం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక డైట్ పుస్తకం రాశాడు. తిండి మొత్తం మానేసి ప్రొలిన్ అనే ద్రవం తాగమన్నాడు. అది కబేళాల్లో మిగిలిన తోళ్ళు, నరాలు, ఎముకల నుంచి తీసి, కృత్రిమ రంగూ రుచీ కలిపిన ప్రొటీన్. ఆ కాలంలో ఇట్లాంటి ద్రవ ప్రొటీన్ డైట్లు చేసినవాళ్ళలో సుమారు 60 మంది చనిపోయారు. చాలా మందికి గుండె లయ తప్పింది. అందుకే చెప్తున్నాను, పొడి ఒక్కటే తాగి బతకొద్దు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టొద్దు.

కానీ నన్ను ఆపింది ఇంకో మాట. తోళ్ళు, నరాలు, ఎముకలు. వీటిని ముట్టుకున్నందుకే కదా మన తాతల్ని ఊరి బయట పెట్టారు! 1948లో బాబాసాహెబ్ 'అస్పృశ్యులు' పుస్తకంలో అంటరానితనం వేళ్ళను గొడ్డుమాంసం తినడం దగ్గర వెతికాడు. అదే పశువు మిగులు కంపెనీ చేతిలో పడి, రంగు నీళ్ళై, సీసాలోకి వస్తే అది వైద్యం. మిగులు మురికి కాదు. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దానికి పేరు మారుతుంది.

*

ఇక్కడ హైదరాబాద్ కథ కూడా ఉంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్.ఐ.ఎన్., 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో మన నగరానికి వచ్చింది. బక్కచిక్కిన పిల్లల కోసం ఆ సంస్థ చేసిన 'హైదరాబాద్ మిక్స్' లెక్క చూడండి: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల్లో 330 క్యాలరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్. వేయించి పొడిగొట్టుకోవడమే. ఇరవై గ్రాముల బెల్లం శక్తినిస్తుంది, పిల్ల నాలుకను కూడా గౌరవిస్తుంది.

ఆ రోజుల్లో ప్రపంచమంతా 'ప్రొటీన్ కరువు' అని గోల. పేద దేశాలకు ప్రొటీన్ పొడులు పంపాలని పథకాలు. ఎన్.ఐ.ఎన్. డైరెక్టరుగా చేసిన సి. గోపాలన్, గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే ఆ గోలకు అడ్డం నిలబడ్డారు. మన పిల్లలకు కరువైంది అసలు తిండే, వాళ్ళు తినే గింజలూ పప్పులే కడుపునిండా దొరికితే ప్రొటీన్ లోటు చాలావరకు తీరుతుంది అన్నారు. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ ఆ గోలనంతా 'ప్రొటీన్ వైఫల్యం' అని లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆకలి రాజకీయ సమస్య. దాన్ని పొడి సమస్యగా మార్చారు.

ఇప్పటికీ అదే. సోయా బాగా పండే మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టే ప్రతిపాదనను ముఖ్యమంత్రి తోసిపుచ్చాడు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, రుచితో సహా. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులకు దిగారు. గొడవ ప్రొటీన్ మీద కాదు. ప్రొటీన్ కావాలని అందరూ అంటున్నారు. గొడవ వాసన మీద. దాన్ని తినేవాళ్ళు అక్కడ ఉన్నారని గాలి చెప్పడం మీద.

*

అమ్మ నా దగ్గర నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో నా డైట్ మారింది. ప్యాకెట్లు అవే, వంట మారింది.

మీల్‌మేకర్‌ని ఉప్పు నీళ్ళలో ఉడికించి, చల్లనీళ్ళలో వేసి మూడుసార్లు గట్టిగా పిండింది. పచ్చి సోయా వాసన ఆ నీళ్ళతో పోయింది. "తునకల లెక్కనే" అంటూ నూనె లేకుండా ఇనుప పెనం మీద అంచులు ఎర్రబడేదాకా కాల్చింది. మా ఊళ్ళో తునకల్ని నిప్పుల మీద కాల్చి, దంచకుండా ఎవరూ కూరలో వెయ్యరు. అట్లా కాలినప్పుడు ప్రొటీనూ చక్కెరలూ కలిసి కొత్త రుచి ఎట్లా పుడుతుందో 1912లో ఫ్రాన్స్‌లో మయార్ అనే ఆయన రాశాడు. మా అమ్మమ్మకు ఆయన పేరు తెలియదు, పని తెలుసు. తర్వాత ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఒక్క చెంచా నూనె, గుప్పెడు పుంటికూర. పులుపు తగలగానే ఆ స్పాంజి కూర అయింది.

వే పొడిని పలుచటి మజ్జిగలో గిలక్కొట్టి ఉప్పు, వేయించిన జీలకర్ర, కరివేపాకు, దంచిన అల్లం వేసింది. వేడి వేడి జావలో వేస్తే ఉండ కడుతుంది, చల్లారిన రాగిజావలో అయితే కలిసిపోతుంది. బీహార్ కూలీలు శనగల సత్తును ఉప్పు, నిమ్మకాయ, ఉల్లిగడ్డతో తాగేది చూశారా? అదీ ప్రొటీన్ షేకే. దానికి చాక్లెట్ అక్కర్లేదు.

నాకప్పుడు అర్థమైంది. మన ఆడవాళ్ళ వంటంతా తక్కువ నూనెతో రుచి పుట్టించే విద్య. నల్ల, బోటి, ఎండు తునకలు, ఊరు వద్దన్న ప్రతిదాన్నీ కాల్పుతో, పులుపుతో, కారంతో తినగలిగేటట్టు చేశారు. నేను పేదరికాన్ని పొగడటం లేదు. నూనె లేక నేర్చుకున్న వంట అది, డైట్ కోసం కాదు. కానీ ఆ జ్ఞానం వాళ్ళది. డైట్ చార్టు రాసేవాళ్ళు ఆ వంటింటిని ఎప్పుడూ అడగలేదు.

అమ్మ పోయే రోజు పొద్దున సంచిలోంచి ఒక చిన్న మూట తీసింది. తునకలు. "గీడ కాల్చొద్దంటవా?" అని నా మొఖం చూసింది.

నేను లేచి కిటికీ తెరిచాను.

నాలుగు ముక్కలే తిన్నాను, డైట్ లెక్క తప్పలేదు. పక్కింటివాళ్ళు ఇప్పటిదాకా ఏమీ అనలేదు. అంటే ఏం చెప్పాలో ఈసారి నా దగ్గర మాట ఉంది.

బరువు తగ్గండి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మన వాడల్లో షుగరూ బీపీ చాలా ప్రాణాలు తీస్తున్నాయి. ప్యాకెట్ కొనుక్కోండి, తప్పు లేదు. దానిలో మీ అమ్మ వంట కలపండి. మీ ఇళ్ళల్లో ఎండబెట్టే, కాల్చే, పులుపు పెట్టే పద్ధతులు అడిగి రాసిపెట్టండి, కింద కామెంట్లలో పంచుకోండి. అవి కూడా మన చరిత్ర పుస్తకంలో పేజీలే.

వచ్చే వారం: హాస్టల్ మెస్‌లో గుడ్డు.

జై భీమ్.