'పరయా' అర్థం ఎవరు రాశారు?

ఇంగ్లీషు కావాలా వద్దా అన్న చర్చ ఇంగ్లీషు ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు చేసుకుంటూ వచ్చారు. దళిత విద్యార్థికి ఆ చర్చకు తీరిక లేదు. తిరుపతిలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షకో గ్రూప్స్‌కో చదివే పిల్లవాడు రోజుకు పది మాటలు బట్టీ పడుతున్నాడు. మాట, దాని అర్థం, కింద ఒక ఉదాహరణ వాక్యం - పద్ధతి ఇదే. పద్ధతిలో తప్పు లేదు. ఒట్టి మాట గుర్తుండదు, వాక్యంలో పెడితే ఉంటుంది. అయితే ఆ వాక్యం ఎవరు రాశారు, అందులో కర్త ఎవరు, కర్మ ఎవరు అని ఎవరూ అడగరు. ఒక్క మాటను పట్టుకుని ఆ ప్రశ్న అడగడానికే ఈ వ్యాసం. ఆ మాట 'పరయా'.

పోటీపరీక్షల పుస్తకాల్లో ఈ మాటకు 'సమాజం వెలివేసిన వ్యక్తి' అనే అర్థం ఉంటుంది. 'కుంభకోణం బయటపడ్డాక ఆ నాయకుడు పరయా అయిపోయాడు' - ఉదాహరణ ఇలాంటిదే ఉంటుంది. నాయకుడి చోట ఒక్కోసారి ఒక దేశం ఉంటుంది. పిల్లవాడు నాలుగుసార్లు పైకి చదివి పేజీ తిప్పుతాడు. ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' మన పందికొక్కే అని క్లాసులో చెప్తే అందరూ నవ్వుతారు, గర్వపడతారు కూడా. కానీ 'పరయా' తన జిల్లా పొలిమేరలో ఇవాళా బతికి ఉన్న ఒక కులం పేరని ఆ పిల్లవాడికి చెప్పేవాళ్ళు లేరు.

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. సరిహద్దు సర్దుబాట్లలో 1960లో తిరుత్తణి తమిళ రాష్ట్రానికి పోయింది, సత్యవేడు చెంగల్పట్టు జిల్లా నుంచి ఇటు వచ్చింది. నగరి, సత్యవేడు, కుప్పం ప్రాంతాల్లో తెలుగూ తమిళమూ కలిసే బతుకుతాయి. మాల, మాదిగ, ఆది ద్రావిడ, పరైయర్ అనే పేర్లు ఇక్కడ పక్కపక్కన వినబడతాయి. తమిళంలో 'పరై' అంటే డప్పు. దాన్ని వాయించేవాళ్ళు పరైయర్లు. మలయాళంలో ఇదే ధాతువు నుంచి వచ్చిన 'పరయుక' అంటే చెప్పడం. ఊరికి ఒక సంగతి తెలియాలంటే డప్పు మోగాలి. మా వైపు దాన్ని పలక అంటాం. తిరుపతి గంగమ్మ జాతర చాటింపుతో మొదలవుతుంది, పలకలు లేకుండా జాతర లేదు. చావుకూ పలకే, దేవరకూ పలకే. ఊరందరికీ వినబడేలా చెప్పగలిగినవాళ్ళ పేరే ఇంగ్లీషులోకి పోయి, ఎవరూ మాట్లాడకూడని మనిషికి పేరైంది. ఇది ఎలా జరిగిందో చూడాలి.

పదహారో శతాబ్దం మొదట్లో పోర్చుగీసు ఉద్యోగి డువార్టె బార్బోసా మలబారులో ఉండి ఒక పుస్తకం రాశాడు. అందులో 'పరెయా'ల ప్రస్తావన ఉంది. వాళ్ళు నిర్జన ప్రదేశాల్లో ఉంటారనీ, వాళ్ళని చూస్తేనే మైల అనీ రాశాడు. ఆ మాటలు అతనికి ఎవరు చెప్పి ఉంటారు? పరైయర్లు తమ గురించి తాము అలా చెప్పుకోరు గదా. మైల భాష సవర్ణుల భాష. అంటే యూరప్‌కు చేరిన మొదటి అర్థంలోనే మన ఊళ్ళ అగ్రకులాల చూపు ఉంది. తెల్లవాడు కలం పట్టుకున్నాడు, చెప్పి రాయించినవాడు ఇక్కడివాడే. పదిహేడో శతాబ్దం మొదట్లో మాట ఇంగ్లీషు పుస్తకాల్లోకి ఎక్కింది.

తర్వాత దొరల నిఘంటువులు వచ్చాయి. యూల్, బర్నెల్ కలిసి చేసిన 'హాబ్సన్-జాబ్సన్' 1886లో అచ్చయింది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. మాట, అర్థం, ఏ సంవత్సరం ఎవరు ఎలా వాడారో చూపే వాక్యాలు - పద్ధతి ఇక్కడా అదే. డప్పు అర్థాన్ని వాళ్ళు సరిగానే రాశారు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1856లో, కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల వ్యాకరణానికి చేర్చిన అనుబంధంలో పరైయర్లు ద్రావిడులేననీ, వాళ్ళు దేన్నించో వెలిపడినవాళ్ళు కాదు, తమదైన ప్రాచీన కులమనీ వాదించాడు. పండితులకు సంగతి తెలుసు. తెలిసినా వాడుక మారలేదు. దొరల ఇళ్ళల్లో వంటకూ గుర్రాలకూ పనిచేసినవాళ్ళు చాలామంది ఈ కులంవాళ్ళే. వాళ్ళ చేతి కూడు తిన్న దొరలే వీధి కుక్కకు 'పరయా డాగ్' అనీ, గద్దకు 'పరయా కైట్' అనీ పేరు పెట్టారు. వీధికుక్కను ఇవాళా ఆ పేరుతో పిలిచేవాళ్ళున్నారు.

అటు యూరప్ సాహిత్యంలో ఈ మాట కరుణ రసానికి పనికొచ్చింది. ఫ్రెంచి రచయిత బెర్నార్డిన్ ద సాఁ పియేర్ కథలో, 1821 నాటి కాసిమిర్ దెలావిన్య్ నాటకంలో, గేటె కవితల్లో 'పరియా' ఉన్నాడు. మాక్స్ వేబర్ యూదులను పరియా జాతి అన్నాడు. హానా ఆరెంట్ 1944లో యూదుణ్ణి పరియాగా చర్చిస్తూ వ్యాసం రాసింది. వీళ్ళలో కొందరు బాధితుల పక్షాన నిలబడినవాళ్ళే, కాదనం. అయినా ప్రతి వాడుకతో మాట ఊరికి దూరమైంది. డప్పు పోయింది, పొలం పోయింది, కులం పోయింది. 'వెలి' ఒక్కటే మిగిలింది.

చివరికి అది ఎక్కడికి చేరిందో చూడండి. 1970, 80లలో వర్ణవివక్ష నడిపిన దక్షిణాఫ్రికాను పత్రికలు 'పరయా స్టేట్' అన్నాయి. మనుషుల్ని వెలివేసిన ప్రభుత్వానికి వెలికి గురైనవాళ్ళ పేరు పెట్టారు. కుంభకోణం నాయకుడి వాక్యంలో ఉన్నదీ ఇదే. ఆ వాక్యాల్లో పరయా అయ్యేవాడు ఏదో తప్పు చేసి ఉంటాడు. దొంగతనమో, యుద్ధమో, మోసమో. శిక్షగా జనం దూరంగా పెట్టారు. మరి పరైయర్లు చేసిన తప్పేమిటి? ఆ వాక్యాన్ని వందసార్లు చదివిన విద్యార్థికి, వెలి అనేది చేసుకున్నదానికి పడే శిక్ష అనే భావం తెలియకుండానే ఎక్కుతుంది. మనుధర్మం పూర్వజన్మ పాపం అని చెప్పింది గదా, ఉదాహరణ వాక్యం ఈ జన్మలోనే ఆ పాపాన్ని చూపిస్తోంది. వాక్యంలో క్రియ 'అయ్యాడు'. ఎవరు చేశారో లేదు. తెలుగులో మనం 'వెలివేశారు' అంటాం. ఆ క్రియకు చేసినవాడు కావాలి. ఊరు వేసిందా, పెద్దలు వేశారా చెప్పాలి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సస్పెండైన రోహిత్ వేముల, అతని సహచరులు తమ గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టినప్పుడు, వెలివేసినవాళ్ళెవరో చెప్పమనే అడిగారు.

ఈ మాటతో మనవాళ్ళు ఊరకే ఉండలేదు. దక్షిణాది దళిత ఉద్యమం మొదలయిందే పేరు మీద తగాదాతో. అయోతీదాస్ పండితర్ 1891లో ద్రావిడ మహాజన సభ పెట్టాడు, 1907లో 'ఒరు పైసా తమిళన్' పత్రిక నడిపాడు. పరైయన్ అనేది బౌద్ధులైన తమవాళ్ళకు శత్రువులు తగిలించిన పేరనీ, దాన్ని వదిలించుకోవాలనీ ఆయన వాదన. రెట్టమలై శ్రీనివాసన్ దారి వేరు. 1893లో ఆయన పెట్టిన పత్రిక పేరే 'పరైయన్'. ఆ పేరుతోనే తలెత్తి ముందుకొస్తే తప్ప హక్కులు రావని ఆయన నమ్మాడు. ఆయనే తర్వాత అంబేడ్కర్‌తో కలిసి లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళాడు. ఇద్దరి మాటల్లోనూ సత్యం ఉంది. ఇద్దరూ ఒక సంగతి గుర్తించారు: మన పేరుకు అర్థం రాసే అధికారం మన దగ్గర లేదు, దాన్ని తెచ్చుకోవాలి.

అర్థం మారితే ఏమొస్తుంది అనేవాళ్ళు ప్రభుత్వ కాగితాలు చూడాలి. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హియర్ 1891లో ఆ జిల్లా పరయాల మీద నివేదిక రాశాడు. అందులో పరయా అంటే భూమి లేకుండా చేయబడిన పాలేరు. అర్థం అలా రాసినందువల్ల 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్ళకు భూములు కేటాయించే ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. పంచమ భూములంటున్నవి అవే. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన తెలుగు దళితులు పంచమ అనే పేరును తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. 1922లో ఎం.సి.రాజా మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి, పరయా, పంచమ పేర్ల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాసేలా చేశాడు. అప్పటికి చిత్తూరు జిల్లా ఆ మద్రాసు కిందే ఉంది. ఈ జిల్లా సర్టిఫికెట్లలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే మాటలు ఆ పోరాటం నుంచి వచ్చినవే. అంబేడ్కర్ 1948 నాటి తన గ్రంథంలో అంటరానివాళ్ళను 'బ్రోకెన్ మెన్' అన్నాడు, అంటే విరగ్గొట్టబడినవాళ్ళు. దళిత అనే మాటకూ అర్థం అదే. విరిగారంటే విరగ్గొట్టినవాడు ఉండాలి. కనబడకుండా పోయిన కర్త మళ్ళీ వాక్యంలోకి వచ్చాడు.

ఇంకా ఒక వింత ఉంది. కొన్ని ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాట కుల అర్థాన్ని రెండో అర్థంగా వేసి 'చారిత్రక' అని గుర్తు పెడతాయి, అదేదో గడిచిపోయినట్టు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితాలో 'పంచమ, పరయా' అనే వరుస ఇప్పటికీ ఉంది. ఆ వరుస కింద సర్టిఫికెట్ తీసుకున్న పిల్లవాడే తిరుపతిలో కూచుని 'పరయా అంటే వెలివేయబడినవాడు' అని బట్టీ పడుతూ ఉండవచ్చు. గడిచిపోయింది ఎవరికి? 'అన్‌టచబుల్' సంగతీ అంతే. ఎవరికీ అందకుండా బంతి వేసే బౌలర్ని మెచ్చుకోడానికి ఆ మాట వాడుతున్నారు. 17వ అధికరణం రద్దు చేసిన అంటరానితనం మాత్రం టీ హోటల్లో విడి గ్లాసుగా కనబడుతూ వచ్చింది.

ఇదంతా చదివి ఇంగ్లీషు వద్దనుకుంటే మేం చెప్పింది తలకిందులుగా అర్థమైనట్టే. పరీక్షలో ప్రశ్న వస్తే పిల్లవాడు వాళ్ళడిగిన అర్థమే రాయాలి, మార్కులు తెచ్చుకోవాలి, ఉద్యోగం తెచ్చుకోవాలి. అది మన హక్కు. దాంతోపాటు మన టీచర్లు చేయాల్సిన పని ఒకటుంది. ఇలాంటి మాట వచ్చిన రోజు పుస్తకంలో వాక్యం కింద ఇంకో రెండు వాక్యాలు పిల్లల చేత ఇంగ్లీషులో రాయించండి. 'పరైయర్లు డప్పు కొట్టి ఊరికి కబురు చెప్పేవాళ్ళు.' 'డప్పు అక్కరున్న ఊరే వాళ్ళని ఊరి బయట పెట్టింది.' మొదటి దాంట్లో కర్త మనం. రెండో దాంట్లో కర్త ఊరు. వ్యాకరణం వస్తుంది, చరిత్రా వస్తుంది. చక్లర్, టోటి లాంటి మన కులాల, మన పనుల పేర్లు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇంకా ఉన్నాయి. వాటినీ ఇలాగే వెతికి రాసుకుంటూ పోతే, పదో తరగతి పిల్లలు కూడా చేయగల పరిశోధన అవుతుంది. మన మాటలకు మనం రాసుకున్న నిఘంటువు అలాగే తయారవుతుంది.