అయిదు సెంట్ల ముందరి సున్న

0.35 పెద్దదా, 0.5 పెద్దదా అని ఆరవ తరగతి పిల్లల నడిగినచో, కొందరు తడుముకొనక మొదటిదే పెద్దదందురు. ముప్పదియైదు అయిదు కంటె పెద్దది గదా! 0.3కును 0.4కును నడుమ ఏ సంఖ్య యున్నదని అడిగిన, ఏమియు లేదందురు. మూడు తరువాత నాలుగే గదా! ఇది తెలివితక్కువతనము కాదు. పూర్ణసంఖ్యలతో అయిదారేండ్లు సావాసము చేసిన పిల్లవాడు ఆ సావాసమును నమ్ముకొని చేసిన తర్కము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలలో పెద్దలకు ఈ లెక్క బడిలో కంటె ముందు పొలము గట్టునను, సంతలోను ఎదురైనది. ఆ సంగతియే ఇచట చెప్పదలచితిమి.

మన పూర్వుల భిన్నములు పదింటిమీద కాక నాలుగింటిమీద నడచినవి. ఒకటిలో నాలుగవ వంతు పావు. పావులో నాలుగవ వంతు వీసము. వీసములో నాలుగవ వంతు కాణీ. ఇట్టి భాగములను వ్రాయుటకు తెలుగులో ప్రత్యేకమైన అంకెలే ఉండెడివి. రూపాయికి పదునారు అణాలు, అణాకు నాలుగు కాణీలు అను నాణెముల పద్ధతి దీనికి చక్కగా అతికినది. అణా యనగా రూపాయిలో వీసమే. అందు నడిమి సంఖ్యను వెదకుట పెద్ద పని కాదు. అణాకును పావలాకును నడుమ బేడ. పావలాకును అర్ధరూపాయికిని నడుమ ఆరణాలు. సగము చేయుటయే ఉపాయము, సగమును మరల సగము చేయవచ్చును. భిన్నముల లెక్కలు విస్తారముగా గల మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించిన దేశమిది. బడికి పోనివారును వీసములతో వ్యవహారము నడపిరి.

పదవ వంతు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అచటి నాణెములను వర్ణించుచు, వరహాలో సగము ప్రతాపమనియు, ప్రతాపములో పదవ వంతు పణమనియు, పణములో ఆరవ వంతు తారమనియు వ్రాసినాడు. 1565 నాటి తళ్ళికోట యుద్ధము తరువాత ఆ రాజ్యమునకు పెనుకొండ రాజధాని అయినది. ఒకే సంచిలో సగములు, పదవ వంతులు, ఆరవ వంతులు! ఆ సంచిని లెక్కించిన షరాబుల ఓపికకు నమస్కరింపవలెను.

దశాంశము ఈ సీమ రైతు ఇంటికి నేల కొలత రూపమున వచ్చినది. 1800లో నిజాము ఈ ప్రాంతములను ఆంగ్లేయుల కిచ్చిన పిమ్మట, 1807 వరకు కలెక్టరుగా నుండిన థామస్ మన్రో సర్వే చేయించినాడు. ఆ కొలతలో ఎకరమునకు నలుబది గుంటలు. పిదప మదరాసు రాజధాని సర్వేలలో ఎకరమును నూరు సెంట్లు చేసిరి. దీనికి మూలము 1620లో ఎడ్మండ్ గుంటర్ అను ఆంగ్లేయుడు కల్పించిన గొలుసు. దాని పొడవు 66 అడుగులు, అందు నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము; కనుక గొలుసులలో వైశాల్యము కట్టి బిందువును ఒక స్థానము ఎడమకు జరిపిన ఎకరములు వచ్చును. గొలుసు లాగినవారందరికి ఈ మర్మము తెలిసెనో లేదో గాని, పొలము మాత్రము దశాంశములలోనికి పోయినది.

ఇచటనే సున్న కథ మొదలైనది. ఒక ఎకరము అయిదు సెంట్లనగా 1.05. దానిని 1.5 అని వ్రాసినచో ఒక ఎకరము యాబది సెంట్లగును. ఒక్క సున్న మరచినందుకు నలుబదియైదు సెంట్లు, ఇంచుమించు అర యెకరము, కాగితముమీద పుట్టుకొని వచ్చినది! హిందూపురము నుండి కొలది దూరము పోయి కన్నడ సీమలో అడుగు పెట్టినచో మరల గుంటల లెక్కయే. గుంట యనగా రెండున్నర సెంట్లు. అచటి ఎకరము అయిదు గుంటలు 1.125. ఇప్పుడు 1.125, 1.5, 1.05 అను మూడింటిని క్రమములో పెట్టుమనుడు. అంకెల పొడవు చూచువాడు 1.125 అన్నిటికంటె పెద్దదనును. సున్నలు చేర్చి స్థానములు సమము చేసి, 1.050, 1.125, 1.500 అని ఒకదాని క్రింద నొకటి వ్రాసిన చిక్కు విడును. చివర చేర్చిన సున్న విలువను మార్చదు. బిందువు ప్రక్కనే చొరబడిన సున్న, తన వెనుకనున్న భాగములో పదింట తొమ్మిది వంతులు మ్రింగివేయును.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. రూపాయికి నూరు గనుక అణాకు 6.25. ఆరింటికిని ఏడింటికిని నడుమ సంఖ్య యున్నది, నాణెము లేదు! ఆనాటి మార్పిడి పట్టికలో అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని వేసిరి. పావలాకు కొన్న సరకును అణాకొక వంతుగా అమ్ముకొను చిల్లర వర్తకురాలి సంగతి చూడుడు. ఆమె యిచ్చినది ఇరువదియైదు, నాలుగు ఆరుల వలన ఆమెకు వచ్చినది ఇరువదినాలుగు. లాభము మాట అటుండగా, పెట్టుబడిలోనే ఒక నయాపైస పోయినది. విడివిడిగా పదునారు అణాలు మార్చుకొన్నవానికి రూపాయిలో నాలుగు నయాపైసలు తగ్గును. మూడణాలవానికి మాత్రము పావు నయాపైస కలిసివచ్చినది. దైవము అందరిని ఒకేరీతి చూడదు గదా. 1964 జూన్ 1న ‘నయా’ అను మాట తొలగినది. పావలా, అంతకంటె చిన్న నాణెములు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయినవి. పెట్రోలు ధర పలకమీద మాత్రము బిందువు తరువాతి రెండంకెలు అట్లే యున్నవి.

తూనికలు మార్చుటకు 1956లో చట్టము వచ్చినది. తులము 11.66 గ్రాములు చిల్లర. ధర్మవరము మగ్గములపై పట్టు నేయువారికి ఈ చిల్లరయే ముఖ్యము. శేరునకు ఎనుబది తులములు, అనగా 933.1 గ్రాములు. తులమును 11.6 అని కుదించినచో శేరున అయిదు గ్రాముల పైచిలుకు పట్టు మాయమగును. 11 అని సరిపెట్టినచో ఏబదిమూడు గ్రాములు. 11.6కును 11.7కును నడుమ ఏమియు లేదనువాడు ఈ తూకము చూడవలెను. నడుమ 11.61 మొదలు 11.69 వరకు తొమ్మిది ఉన్నవి, వానిలో 11.66కును 11.67కును నడుమ మరల 11.661 మొదలుగా తొమ్మిది. అంతగా తోచనప్పుడు రెంటిని కూడి సగము చేయుడు, 11.65 వచ్చును. పాత వీసముల ఉపాయము క్రొత్త బిందువు దగ్గరను పని చేయుచున్నది. ముల్లు తిరిగెడి రేడియో ఇంట నున్నవారికి ఇది వింత కాదు; వారు కోరిన కేంద్రము ఎప్పుడును అచ్చువేసిన రెండంకెల నడుమనే పలికెడిది.

ఇంటిలో పొలముల పాసుపుస్తకము ఉన్నచో, అందలి విస్తీర్ణములను పిల్లలచేత తక్కువ నుండి ఎక్కువకు వ్రాయించి చూడుడు. ఎచటనైన 0.7 అని కనబడిన, అది ఏడు సెంట్లా డెబ్బది సెంట్లా అని అడుగుడు. వారు చెప్పిన తరువాత, గట్టుకు ఆవలివారి పుస్తకములో ఏమని యున్నదో కూడ కనుగొని రమ్మనుడు.