కారు అద్దంపై ఆవిరి: డీఫ్రాస్టర్ చరిత్ర, లోపాన్వేషణ

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• డీఫ్రాస్టర్ ఏ అవసరాల నుంచి పుట్టిందో వివరించగలుగుతారు.
• అది పనిచేయనప్పుడు కారణాన్ని ఒక క్రమంలో గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఒక శ్రావణ మాసపు రాత్రి వానలో, ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం నుంచి మధిర వైపు కారు నడుపుతున్నాను. లోపల నలుగురం ఉన్నాం. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ఉన్నట్టుండి ముందు అద్దం తెల్లబడింది. వైపర్ ఆడుతున్నా దారి కనిపించలేదు. డీఫ్రాస్టర్ మీట తిప్పినా ఫలితం లేదు. ముందు వెళ్తున్న లైటు లేని ఎడ్లబండి బాగా దగ్గరకు వచ్చేదాకా కనబడలేదు. ఎలాగో బ్రేకు వేసి, కారు పక్కకు తీసి ఆపాను. మర్నాడు ఒక మెకానిక్ చూసి, డీఫ్రాస్టర్ పోయింది, మార్చాలి అన్నాడు. నిజానికి ఏ భాగమూ చెడిపోలేదు. మరి లోపం ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నకు జవాబు ఆ యంత్రం చరిత్రలో ఉంది.

2. చారిత్రక నేపథ్యం

మంచు ఆకాశం నుంచి రాలుతుందని చాలాకాలం నమ్మారు. గాలిలోని నీటి ఆవిరి చల్లని తలాన్ని తాకి నీరుగా మారడమే మంచు అని లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ 1814లో ప్రచురించిన గ్రంథంలో ప్రయోగపూర్వకంగా చూపాడు. కారు అద్దంపై జరిగేదీ ఇదే.

తొలి కార్లు చాలావరకు పైకప్పు లేనివి. అప్పటి సమస్య బయటి వాన, మంచు. 1903లో అమెరికాకు చెందిన మేరీ ఆండర్సన్ వాహనం లోపలి నుంచే మీటతో అద్దం తుడిచే సాధనానికి పేటెంటు పొందింది. 1920 దశకంలో మూసిన కార్లు వ్యాపించాయి. దాంతో ప్రయాణికుల శ్వాసలోని తేమ లోపలే చిక్కుకుంది. వైపర్ దాన్ని తుడవలేదు. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ బయటి గాలిని లోపలికి తీసుకుని, ఇంజిన్ వేడి నీటితో వేడిచేసే ఏర్పాటు తెచ్చింది. ఇందులో రెండు అంశాలను గమనించాలి: తాజా గాలి, వేడి. వీటిలో ఏది లోపించినా అద్దం త్వరగా తేటపడదు.

మన దేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో కారు మధ్యతరగతికి చేరువైంది. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఏసీ కార్లు పెరిగాయి. డీఫ్రాస్టర్ అంటే గడ్డకట్టిన మంచును కరిగించేది అని అర్థం. ఎర్రుపాలెంలో అద్దంపై మంచు గడ్డకట్టదు. ఇక్కడ దాని పని తేమను తొలగించడం. పేరు చలి దేశానిది, పని మనది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలాసార్లు లేని లోపాన్ని వెతుకుతాం.

3. ముందు అద్దం: కారణాన్వేషణ

మొదట వేలితో అద్దాన్ని లోపలివైపు రుద్ది చూడాలి. గీత పడితే తేమ లోపల ఉన్నట్లు. పడకపోతే బయట ఉన్నట్లు. ఉక్కపోత రాత్రుల్లో ఏసీ గాలి అద్దాన్ని బాగా చల్లబరిస్తే బయటివైపు ఆవిరి పడుతుంది. అప్పుడు చల్లగాలిని అద్దం మీద నుంచి మళ్లించి, వైపర్ వేస్తే చాలు.

తేమ లోపల ఉంటే, గాలి మీట ఎటు ఉందో చూడాలి. లోపలి గాలే తిరుగుతుంటే తేమ పెరుగుతూనే ఉంటుంది. బయటి గాలికి మార్చి, ఏసీ వేయాలి. ఏసీ గాలిలోని తేమను తీసివేస్తుంది. ఆ రాత్రి నా కారులో మీట లోపలి గాలి వైపు ఉంది, ఏసీ ఆపి ఉంది. లోపం అంతే.

ఇవి సరిగా ఉన్నా ఫలితం లేకపోతే, అద్దం అడుగున చేయి పెట్టి చూడాలి. ఎక్కడా గాలి రాకపోతే ఫ్యూజు, బ్లోయర్ మోటారు, మూసుకుపోయిన ఫిల్టరు చూడాలి. కాళ్ల దగ్గర వచ్చి అద్దం దగ్గర రాకపోతే గాలిని మళ్లించే తలుపు ఇరుక్కుందని భావించవచ్చు. ఇంజిన్ వేడెక్కినా గాలి వేడెక్కకపోతే కూలెంట్ తగ్గడం, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోవడం, హీటర్ గొట్టాలు పూడటం కారణాలు కావచ్చు. వేడి ఇంజిన్‌పై రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకూడదు. తీపి వాసన, అద్దంపై జిడ్డు పొర కనిపిస్తే హీటర్ నుంచి కూలెంట్ కారుతోందని అనుమానించాలి.

4. వెనక అద్దం: ఒక చట్టం, ఒక తెగిన గీత

వెనక అద్దంపై సన్నని గీతల్లో విద్యుత్తు ప్రవహించి వేడి పుడుతుంది. దీని వెనుక ఉన్నది 1841లో జేమ్స్ జౌల్ వెల్లడించిన నియమం. ఒక్క గీత వెంబడి మాత్రమే ఆవిరి మిగిలితే ఆ గీత తెగినట్లు. మొత్తం పనిచేయకపోతే ఫ్యూజు, రిలే, స్విచ్చు, అద్దం అంచున ఉండే తీగల అతుకులు వరుసగా చూడాలి.

తెగినచోటు కనుక్కోవడానికి మల్టీమీటరు చాలు. ఒక కొసను కారు లోహపు భాగానికి ఆనించి, రెండో కొసను స్విచ్చు వేసిన గీతపై మెల్లగా జరపాలి. వోల్టేజి సుమారు 12 నుంచి క్రమంగా తగ్గాలి. ఒక్కసారిగా సున్నాకు పడిపోయినచోట గీత తెగి ఉంటుంది. విద్యుత్తును ప్రసరింపజేసే వెండి రంగుతో దాన్ని అతకవచ్చు.

గీతలు ఎందుకు తెగుతాయి? 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించడాన్ని నిషేధించింది. అద్దం లోపలివైపు అతికించిన ఫిల్మును పీకినా, బ్లేడుతో గీకినా దానితోపాటు గీతలూ ఊడివస్తాయి. కాబట్టి పాత కారులో వెనక అద్దం పనిచేయకపోతే, ఎప్పుడైనా ఫిల్ము తీయించారా అని అడగడం కూడా పరీక్షలో భాగమే.

5. సారాంశం

డీఫ్రాస్టర్ లోపం అన్నిసార్లూ యంత్రంలోనే ఉండదు. వాతావరణంలో, వాడే పద్ధతిలో, కొన్నిసార్లు కారు గతంలో ఉంటుంది. ఎక్కడ, ఎప్పటి నుంచి, అంతకుముందు ఏం జరిగింది అన్న మూడు ప్రశ్నలు చరిత్ర విద్యార్థికి కొత్తవి కావు. భాగం మార్చే ముందు వీటిని అడిగితే డబ్బు మిగులుతుంది. దారి కనిపించనప్పుడు మాత్రం ప్రశ్నలన్నీ తర్వాత. ముందు బండి ఆపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మూసిన కార్ల రాకతో వైపర్ ఒక్కటే ఎందుకు సరిపోలేదు?
2. తేమ అద్దానికి ఏ వైపు ఉందో ముందుగా ఎందుకు తెలుసుకోవాలి?
3. వెనక అద్దం గీత తెగినచోటును గుర్తించే విధానాన్ని వివరించండి.