రూలు మారితే తప్పూ మారింది

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) తొలి నియమాలు 1863లో లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో జరిగిన సమావేశాల్లో తయారయ్యాయి. ఆ పదమూడు నియమాల్లో గోల్‌కీపర్ ఊసే లేదు. గాల్లో వచ్చిన బంతిని ఎవరైనా చేత్తో పట్టుకోవచ్చు, కాకపోతే పట్టుకుని పరిగెత్తకూడదు. 1870 నాటికి ఆ వెసులుబాటు అందరికీ పోయింది. మరుసటి ఏడాది దాన్ని జట్టుకు ఒక్కడి చొప్పున తిరిగి ఇచ్చారు. నియమాల్లో గోల్‌కీపర్ అనే పేరు కనిపించడం అప్పటినుంచే. మిగతా పదిమందికి లేని హక్కు తనకొక్కడికే ఉంది గనక, గోల్ పడ్డప్పుడల్లా జనం చూపు మొదట అతని మీదే పడుతుంది.

ఆగిన బంతితో ఆట తిరిగి మొదలయ్యే సందర్భాలు, అంటే ఇప్పుడు సెట్ పీస్‌లంటున్న కార్నర్లు, ఫ్రీ కిక్కులు, పెనాల్టీలు కూడా అదే కాలంలో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. షెఫీల్డ్ క్లబ్బులు ముందే ఆడుతున్న కార్నర్ కిక్‌ను ఎఫ్‌ఏ 1872లో స్వీకరించింది. గోల్ పోస్టుల మధ్య తాడో పట్టీయో కట్టే పద్ధతి పోయి 1882లో క్రాస్‌బార్ తప్పనిసరి అయింది. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. గోలీ కాపలా కాయాల్సిన చోటు ఇవాళ్టికీ అంతే.

పెనాల్టీ కిక్ ఆలోచన ఒక గోల్‌కీపర్‌దే. ఐర్లండ్‌లోని ఆర్మా కౌంటీ మిల్‌ఫర్డ్ ఊళ్ళో నార మిల్లు యజమాని కొడుకు విలియం మెక్రమ్. గోల్ ఖాయమనుకున్నప్పుడు డిఫెండర్లు కావాలని కాలు అడ్డం పెట్టడమో, చేత్తో ఆపడమో చూసి విసిగి, 1890లో ఐరిష్ సంఘం ద్వారా ఈ ప్రతిపాదన పంపాడు. పెద్దమనుషులు ఆడే ఆటలో కావాలని తప్పు చేసేవాళ్ళుంటారా అని ఇంగ్లండ్‌లో చాలామంది నొచ్చుకున్నారు. అంతలో 1891 ఎఫ్‌ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో స్టోక్ కొట్టిన బంతిని నాట్స్ కౌంటీ డిఫెండర్ గోల్ గీత మీద చేత్తో ఆపాడు. స్టోక్‌కు ఫ్రీ కిక్ దొరికింది, అదీ గీతకు అంగుళాల దూరంలో. గోలీ అంత దగ్గర నిలబడకుండా ఆపే నిబంధన అప్పట్లో లేదు. నాట్స్ గోలీ సరాసరి బంతికి ఆనుకుని నిలబడ్డాడు. తన్నినా అది ఎక్కడికి పోతుంది? నాట్స్ 1-0తో గెలిచింది. ఆ ఏడాది జూన్‌లోనే పెనాల్టీ చట్టమైంది.

మొదట్లో పెనాల్టీకి గోలీ ఆరు గజాల దాకా ముందుకు రావచ్చు. 1905లో గీత మీదే ఉండమన్నారు, 1929లో బంతి తన్నేదాకా కాలు కదపొద్దన్నారు. పక్కకు జరిగే స్వేచ్ఛ 1997లో తిరిగొచ్చింది, ఒక్క కాలు గీత మీదుంటే చాలన్నది 2019 మాట. ఒక తరం గోలీకి మామూలుగా సాగిన పని తర్వాతి తరంలో రిఫరీ విజిల్ వేసే తప్పు. కొన్నాళ్ళకు మళ్ళీ తప్పు కాకుండా పోయింది కూడా.

చేతులు ఎక్కడిదాకా వాడొచ్చన్న సంగతీ అంతే. 1912 వరకు గోలీ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో తాకవచ్చు. రెండడుగులకు మించి మోయకూడదన్న షరతును దాటడానికి బంతిని నేలకు కొడుతూ పోవడమే ఉపాయం. వేల్స్ గోల్‌కీపర్ లీ రిచ్‌మండ్ రూస్ అలా మధ్యగీత దాకా వెళ్ళి అక్కణ్ణుంచి బంతిని ముందుకు వేసేవాడు. అంత ధైర్యం తక్కినవాళ్ళకు లేదు, ఎందుకంటే వెనక గోల్ ఖాళీ. 1912లో చేతుల వాడకాన్ని పెనాల్టీ ఏరియాకు పరిమితం చేశారు. ఆ మార్పుకు కారణం రూసేనని ఆట చరిత్రకారులు చెబుతారు. నాలుగేళ్ళకు అతను సోమ్ యుద్ధభూమిలో చనిపోయాడు.

ఇక కార్నర్. 1924 జూన్‌లో నియమాల బోర్డు, కార్నర్ నుంచి బంతి మరెవరికీ తగలకుండా నేరుగా గోల్‌లో పడ్డా చెల్లుతుందని తీర్మానించింది. నాలుగు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 2న బ్యూనస్ ఐరిస్‌లో అర్జెంటీనా ఆటగాడు సెసారియో ఓన్సారి ఉరుగ్వే మీద అలాంటి గోల్ చేశాడు. ఉరుగ్వే అప్పటికి ఒలింపిక్ విజేత. అందుకని లాటిన్ అమెరికాలో దానికి ‘ఒలింపిక్ గోల్’ అన్న పేరు నిలిచిపోయింది. గోలీకి మాత్రం ఇదొక కొత్త తలనొప్పి. అప్పటిదాకా కార్నర్ అంటే ఎవరో ఒకరు తల పెట్టేదాకా ఆగి చూసుకోవచ్చు. ఇకమీదట తన్నిన మొదటి క్షణం నుంచే ప్రమాదం.

గోలీ పొరపాట్లలో పేరుపడ్డ పాతది 1927 ఏప్రిల్ 23న వెంబ్లీలో జరిగింది. ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఆర్సెనల్, కార్డిఫ్ సిటీ తలపడ్డాయి. 74వ నిమిషంలో కార్డిఫ్ ఫార్వర్డ్ హ్యూయీ ఫెర్గూసన్ కొట్టిన బంతిలో పెద్ద వేగమేమీ లేదు. ఆర్సెనల్ గోలీ డాన్ లూయిస్ మోకాలి మీద వంగి పట్టాడు. అది ఛాతీకీ చేతికీ మధ్య జారింది. లేవబోతూ చుట్టూ తిరిగేసరికి మోచెయ్యి తగిలి గీత దాటింది. 1-0. కప్పు ఇంగ్లండ్ దాటిపోవడం అదొక్కసారే. లూయిస్ వేల్స్ వాడు, గెలిచింది వేల్స్ క్లబ్బు. నోళ్ళు ఊరుకుంటాయా? అతను మాత్రం కొత్త జెర్సీ జిడ్డు మీద బంతి నిలవలేదన్నాడు. అప్పటినుంచి ఆర్సెనల్ గోలీల కొత్త జెర్సీలను ఆటకు ముందు ఉతికించే ఆనవాయితీ వచ్చిందని చెబుతారు. చేతికి తొడుగులు మామూలు కాని రోజులు, తోలు బంతి, కొత్త ఉన్ని చొక్కా... లూయిస్ సాకును కొట్టిపారేయడానికి లేదు.

మనిషి బతుకునే మింగేసిన పొరపాటు బ్రెజిల్‌ది. 1950 జులై 16న మారకానా స్టేడియంలో ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా ప్రపంచకప్ బ్రెజిల్‌దే. 79వ నిమిషంలో స్కోరు 1-1 ఉండగా ఉరుగ్వే ఆటగాడు గిజ్జా కుడి అంచు మీదుగా వచ్చాడు. మొదటి గోల్‌కు అతను అక్కణ్ణుంచే బంతిని మధ్యకు ఇచ్చాడు. ఈసారీ అదే చేస్తాడని గోలీ మొవాసిర్ బర్బోజా దగ్గరి పోస్టును వదిలి అడుగు ముందుకేశాడు. గిజ్జా బంతిని అతనికీ పోస్టుకూ మధ్య సందులోంచి కొట్టాడు. బర్బోజా చేసింది ఆలోచనతో కూడిన అంచనా, ఏమరుపాటు కాదు. బంతి మధ్యకే వచ్చి ఉంటే అందరూ మెచ్చుకునేవాళ్ళు. కానీ ఆ నింద అతన్నీ, బిగోదే, జువెనాల్ అనే ఇద్దరు డిఫెండర్లనూ జీవితాంతం వెంటాడింది. ముగ్గురూ నల్లవాళ్ళు కావడం కాకతాళీయమని నమ్మేవాళ్ళు బ్రెజిల్‌లో తక్కువ. తమ దేశంలో ఏ నేరానికైనా గరిష్ఠ శిక్ష ముప్పై ఏళ్ళని, తనకు యాభై ఏళ్ళు పడిందని బర్బోజా చివరి రోజుల్లో వాపోయాడు. 2000 ఏప్రిల్‌లో చనిపోయాడు.

ఆ కాలపు గోలీ మోసిన భారం నింద ఒక్కటే కాదు, ఒంటి మీద దెబ్బలు కూడా. బంతి చేతిలో ఉన్న గోలీని భుజంతో గుద్దడం ఇంగ్లండ్‌లో న్యాయమైన ఆటే. 1957 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఆరో నిమిషంలోనే ఆస్టన్ విల్లా ఆటగాడు పీటర్ మెక్‌పార్లండ్ గుద్దుకు మాంచెస్టర్ యునైటెడ్ గోలీ రే వుడ్ చెంప ఎముక విరిగింది. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు కనక ఒక ఫీల్డ్ ఆటగాడే గోల్‌లో నిలబడ్డాడు. మరుసటి ఏడాది ఫైనల్లో బోల్టన్ ఫార్వర్డ్ నాట్ లాఫ్ట్‌హౌస్ అదే జట్టు గోలీ హ్యారీ గ్రెగ్‌ను బంతితో సహా గీత లోపలికి నెట్టేశాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. ఐరోపా ఖండంలో, దక్షిణ అమెరికాలో ఇలాంటివి ఫౌల్ కింద లెక్క. ఇంగ్లండ్‌లో గోలీకి ఆ రక్షణ దొరికింది ఆ తర్వాతి ఏళ్ళలోనే. కార్నర్ బంతి కోసం గోలీ గుంపులోకి దూకడం ధైర్యమా, తెలివితక్కువతనమా అన్నది అప్పట్లో ఏ దేశపు రిఫరీ విజిల్ పట్టుకున్నాడన్న దాన్నిబట్టి ఉండేది.

సోవియట్ గోలీ లెవ్ యాషిన్ ఎదిగింది ఆ దశాబ్దంలోనే. గీతకు అతుక్కుపోకుండా ముందుకొచ్చి అంచుల నుంచి వచ్చే క్రాస్‌లను పిడికిలితో దూరం కొట్టడం, డిఫెండర్లను అరుస్తూ నిలబెట్టడం అతని పద్ధతి. 1963లో బాలన్ డోర్ పురస్కారం అందుకున్నాడు. మరే గోల్‌కీపర్‌కూ అది ఇంతవరకు దక్కలేదు. భారత జట్టులో అదే కాలపు గోలీ పీటర్ తంగరాజ్, 1935లో హైదరాబాద్‌లో పుట్టినవాడు. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత గోల్‌లోకి మారాడు. ఆరడుగులు దాటిన మనిషి. ఎత్తు క్రాస్‌లకు ఆ ఎత్తే పెట్టుబడి. 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది తంగరాజే. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

దూరం నుంచి వచ్చే ఫ్రీ కిక్‌కు అడ్డంగా ఆటగాళ్ళను వరసగా నిలబెట్టి గోడ కట్టడం గోలీకి మరో విద్య. ఎదుటివాళ్ళు పది గజాలు, అంటే 9.15 మీటర్లు దూరంగా ఉండాలన్న నియమం గట్టిపడ్డాకే ఈ గోడకు అర్థం వచ్చింది. గోలీ ఒక పోస్టు దగ్గరికెళ్ళి, పోస్టూ బంతీ ఒకే సరళరేఖలోకి వచ్చేలా గోడలో చివరి మనిషిని చేతి సైగతో జరుపుతాడు. ఒకణ్ణి ఆ రేఖకు కాస్త బయట నిలబెడతాడు, వంపు తిరిగే బంతి కోసం. దగ్గరి పోస్టు గోడది, దూరపు పోస్టు తనది. చిక్కేమిటంటే గోడ బంతిని ఎంత ఆపుతుందో గోలీ చూపునూ అంతే ఆపుతుంది. ఆరో మనిషిని చేర్చిన గోలీ ఆలస్యంగా దూకాడన్న నింద పడతాడు, అయిదుగురితో సరిపెట్టినవాడు గోడ తప్పు కట్టాడన్న నింద.

1974 ప్రపంచకప్‌లో తూర్పు జర్మనీ కట్టిన గోడలో బ్రెజిల్ ఆటగాడు జైర్‌జిన్హో దూరి నిలబడ్డాడు. రివెలినో తన్నే క్షణంలో అతను కిందికి వాలిపోయాడు, ఆ ఖాళీలోంచే బంతి గోల్‌లోకి పోయింది. 1-0. అదే పోటీల్లో అంతకుముందు ఇదే బ్రెజిల్ ఫ్రీ కిక్ కొట్టబోతుంటే జైర్ దేశపు డిఫెండర్ మ్వేపు ఇలుంగా గోడలోంచి దూసుకొచ్చి బంతిని తానే దూరంగా తన్నేశాడు. ప్రపంచమంతా నవ్వింది. నియమం తెలిసే నిరసనగా చేశానని అతను తర్వాత చెప్పుకున్నాడు. జైర్‌జిన్హో ఎత్తుకు మందు 2019లో గానీ పడలేదు: ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో ఉన్న గోడకు ఎదుటి జట్టువాళ్ళు మీటరు దూరంలో ఉండాలి. ఈలోగా ఫ్రీ కిక్ కొట్టేవాళ్ళు ఎగిరే గోడ కిందనుంచి నేల బారున కొట్టడం నేర్చారు. 2018 అక్టోబర్‌లో ఇంటర్ మిలాన్ ఆటగాడు బ్రోజోవిచ్ గోడ వెనక నేల మీద జారుతూ పడుకుని సువారెజ్ కిక్‌ను ఆపాక, అలా ఒకణ్ణి పడుకోబెట్టడం చాలా జట్లకు మామూలైపోయింది.

ఫ్రీ కిక్‌లో గోలీ పొరపాటుకు పెద్ద ఉదాహరణ 2002 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. జపాన్‌లోని షిజువొకాలో బ్రెజిల్ ఆటగాడు రొనాల్డీన్యో చాలా దూరం నుంచి కొట్టిన బంతిని ఇంగ్లండ్ గోలీ డేవిడ్ సీమన్ క్రాస్ అనుకుని కొన్ని అడుగులు ముందుకొచ్చాడు. అది తలమీదుగా పోయి పై మూలలో పడింది. బర్బోజా లెక్కే ఇక్కడా తప్పింది.

1990 ప్రపంచకప్ 52 మ్యాచ్‌ల్లో 115 గోల్స్‌తో నీరసంగా సాగింది. వెనక్కి గోలీకి పాస్ ఇవ్వడం, అతను చేత్తో పట్టుకుని కాలం గడపడం, ఇదే పద్ధతి. ఆ పోటీల్లోనే కొలంబియా గోలీ రెనే హిగ్విటా తన ఏరియాకు చాలా బయట బంతితో ఆడబోయి కామెరూన్ ఆటగాడు రోజర్ మిల్లా చేతిలో దెబ్బతిన్నాడు. పిచ్చి పని అన్నారు అందరూ. రెండేళ్ళకే, 1992లో, సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ను గోలీ చేత్తో పట్టకూడదన్న నియమం వచ్చింది. దాంతో కాలితో ఆడడం గోలీకి కనీస అర్హతైంది. హిగ్విటాది తొందరపాటంటే ఇంకా నప్పుతుంది.

బంతి కూడా మారింది. 2010లో దక్షిణాఫ్రికాలో జబులానీ బంతి గాల్లో దారి తప్పుతోందని గోలీలు గగ్గోలు పెట్టారు. ఇంగ్లండ్ గోలీ రాబర్ట్ గ్రీన్ అమెరికా ఆటగాడు డెంప్సీ కొట్టిన నేలబారు బంతిని వదిలేసింది మాత్రం బంతి వంకర వల్ల కాదు. 2018లో కీవ్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ గోలీ లోరిస్ కేరియస్ రెండు తప్పులు చేశాడు: చేత్తో విసిరిన బంతి బెంజెమా కాలికి తగిలి గోల్ అయింది, బేల్ దూరం నుంచి కొట్టింది చేతుల్లోంచి జారింది. అంతకుముందు తలకు తగిలిన దెబ్బతో అతనికి కంకషన్ వచ్చిందని తర్వాత అమెరికా డాక్టర్లు తేల్చారు. అప్పటికే అతని మీద తిట్లు, బెదిరింపులు వెల్లువెత్తాయి.

కార్నర్లను కాచుకోవడంలో ఇప్పుడు రెండు పద్ధతులున్నాయి. ఒక్కొక్కడూ ఒక్కో ఎదుటివాణ్ణి పట్టుకోవడం ఒకటి, మనిషిని వదిలి స్థలాన్ని పట్టుకోవడం రెండోది. స్థలం పట్టుకున్నవాడు నిలబడ్డ చోటునుంచి ఎగురుతాడు, ఎదుటివాడు పరుగున వచ్చి ఎగురుతాడు. మనిషిని పట్టుకున్నవాణ్ణి మరొకడు దారిలో అడ్డుకుంటాడు. అందుకే చాలా జట్లు రెండూ కలుపుతాయి. 2018 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ పెనాల్టీ చుక్క దగ్గర నలుగురైదుగురిని వరసగా నిలబెట్టి, తన్నే ముందు చెల్లాచెదురు చేసేది. ఆ పోటీల్లో అది చేసిన 12 గోల్స్‌లో 9 సెట్ పీస్‌లవే. ఇటీవల ఆర్సెనల్ లాంటి జట్లు సెట్ పీస్‌లకే ప్రత్యేక కోచ్‌ను పెట్టుకుని, ఆరు గజాల పెట్టెలో గోలీ చుట్టూ మనుషుల్ని గుంపుచేస్తున్నాయి. లాఫ్ట్‌హౌస్ గుద్దు పోయింది గానీ గోలీ చెయ్యి పైకి లేవనివ్వని కొత్త ఇరుకు వచ్చింది. ఏది తోపులాట, ఏది ఫౌల్ అన్నది ఇప్పటికీ రిఫరీ చూపును బట్టే.

2025 జులై నుంచి అమల్లోకొచ్చిన నియమం గోలీ చేతులనూ కార్నర్‌నూ ముడిపెట్టింది. గోలీ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్. అంతకుముందు హద్దు ఆరు సెకన్లు, శిక్ష ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. గోల్‌కు అంత దగ్గర్లో ఆ కిక్ ఇవ్వడానికి జంకి రిఫరీలు దాన్ని దాదాపు అమలు చేయనే లేదు. ఇప్పుడు ఆఖరి అయిదు సెకన్లను రిఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కపెట్టి చూపిస్తాడు.