యుద్ధకాలంలో చీరాల తేలియా రుమాలు

తేలియా రుమాలు చీరాల మగ్గాల మీద రూపుదిద్దుకున్న చదరపు నూలు గుడ్డ. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది.

ఈ రుమాలు బలమంతా నూలును సిద్ధం చేయడంలోనే ఉంది. ఆముదపు కాయల బూడిద తేట, నూనె కలిపి, అందులో నూలును నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టేవారు. ఇలా రోజుల తరబడి సాగేది. నూనె తాగిన నూలు అలిజరిన్ రంగును వదలకుండా పట్టుకుంటుంది. పటిక తోడైతే ఎరుపు, ఇనుము తోడైతే నలుపు వస్తాయి. కట్టు కట్టిన చోట తెలుపు మిగులుతుంది. ఈ మూడు రంగులతోనే పని. పడుగు, పేక రెండింటికీ లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు కనుక, నేతలో పోగుకు పోగు కలిస్తేనే బొమ్మ తేలుతుంది. చతురస్రాలు, వజ్రపు గళ్లు పాత బాణీ. 20వ శతాబ్దంలో ఏనుగులు, సింహాలతో పాటు గడియారాలు, విమానాలు కూడా రుమాలు మీదికి ఎక్కాయి. కొత్త కాలాన్ని పాత లెక్కలో ఇమిడ్చిన ఆ నేర్పు చిన్నది కాదు.

ఇక్కడి జాలర్లు దీన్ని తలపాగాగా, లుంగీగా వాడుకున్నా, సరుకులో ఎక్కువ భాగం అరబ్బు దేశాలకు ఓడల మీద వెళ్లేది. అందుకే 1939లో మొదలైన యుద్ధం గట్టి దెబ్బ తీసింది. సముద్ర మార్గాలు ప్రమాదంలో పడ్డాయి, జర్మనీ రంగుల రాక ఆగిపోయింది. మిల్లుల్లో సైన్యం అవసరాలకే మొదటి పీట. చేతిమగ్గాలకు నూలు కరువై ధరలు పెరిగాయి. 1943లో ప్రభుత్వం బట్ట, నూలు నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది.

అదే కరువును బ్రిటన్ మరోలా ఎదుర్కొంది. అక్కడ 1942లో యుటిలిటీ ఫర్నిచర్ పథకం మొదలైంది. కుర్చీలు, సోఫాల బట్టలకు నమూనాలు గీసే పనిని గోర్డన్ రస్సెల్ నాయకత్వంలోని బృందం ఈనిడ్ మార్క్స్ అనే కళాకారిణికి అప్పగించింది. ఆమెకు దొరికినవి కొన్ని రకాల నూలు, నాలుగే రంగులు. అతుకుల దగ్గర గుడ్డ వృథా కాకుండా ఆమె చుక్కలు, చారలు, నక్షత్రాల వంటి చిన్న నమూనాలను ఎంచుకుంది. తక్కువ రంగుల్లో, లెక్క కట్టిన గళ్లలో అందం తేవడం చీరాల నేతగాళ్లకు అప్పటికే చేతనైన విద్య. వారికి కావలసింది నూలూ, బజారూ. ఆ రెండే దొరకలేదు.

1945లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడు ఒంగోలు ప్రాంతపు బిడ్డ టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. కొత్త మిల్లులను ఆపి ఖద్దరుకు చోటివ్వాలన్న ఆయన పట్టుదల పెద్ద చర్చకు దారితీసింది. అయితే రుమాలుకు పాత బజారు తిరిగి రాలేదు. స్వాతంత్ర్యం తర్వాత కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి ప్రోత్సాహంతో ఈ నమూనాలు చీరల మీదికి మారాయి. విద్య మాత్రం నల్గొండ ప్రాంతపు పుట్టపాకలో స్థిరపడింది. అక్కడి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ లభించింది.