పీడీఎఫ్ విభజన

పీడీఎఫ్ విభజన అనగా అనేక పుటలు గల ఒక పీడీఎఫ్ పత్రం నుండి కావలసిన పుటలను ఎంచి, వాటితో ఒకటి లేదా అంతకంటే ఎక్కువ చిన్న ఫైళ్ళను తయారుచేసే ప్రక్రియ. సాధారణంగా మూల పత్రం మారకుండా అలాగే ఉంటుంది, కొత్త ఫైళ్ళు విడిగా తయారవుతాయి. పూర్వం ఈ పనికి కంప్యూటరులో ప్రత్యేక సాఫ్టువేరును స్థాపించుకోవలసి వచ్చేది. ఇప్పుడు దీనిని వెబ్ బ్రౌజరులోనే చేయవచ్చు. బ్రౌజరులో జరిగే విభజన ముఖ్యంగా రెండు విధాలు. పత్రాన్ని దూరాన ఉన్న సర్వరుకు పంపి అక్కడ విడదీయించడం ఒకటి, పత్రాన్ని బయటకు పంపకుండా వాడుకరి కంప్యూటరులోనే విడదీయడం రెండవది. తెరపై రెండూ ఒకేలా కనబడతాయి గాని, పత్రంలోని సమాచారం ఎవరి చేతికి వెళుతుందన్న విషయంలో వీటి మధ్య చాలా తేడా ఉంది.

నేపథ్యం

పీడీఎఫ్ అనేది పోర్టబుల్ డాక్యుమెంట్ ఫార్మాట్ అనే పేరుకు సంక్షిప్త రూపం. దీనికి మూలమైన ఆలోచనను అడోబీ సంస్థ స్థాపకులలో ఒకడైన జాన్ వార్నాక్ 1991లో కేమెలాట్ అనే పేరుతో ప్రతిపాదించాడు. ఏ కంప్యూటరులో తెరచినా, ఏ ప్రింటరుపై అచ్చువేసినా పుట ఒకేలా కనబడాలన్నది దీని ఉద్దేశం. మొదటి కూర్పు 1993లో విడుదలైంది. 2008లో ఇది ఐఎస్ఓ 32000-1 అనే పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. పీడీఎఫ్ 2.0 ను నిర్వచించే ఐఎస్ఓ 32000-2 ప్రమాణం 2017లో వెలువడి, 2020లో సవరించబడింది. ఈ రూపపు వివరాలు బహిరంగంగా ప్రచురితమైనందున అడోబీతో సంబంధం లేనివారు కూడా పీడీఎఫ్‌ను చదివే, మార్చే ఉపకరణాలను తయారుచేయగలిగారు.

తొలినాళ్ళలో బ్రౌజరులు పీడీఎఫ్‌ను చూపడానికి ప్లగిన్‌లపై ఆధారపడేవి. మొజిల్లా 2011లో చేపట్టిన పీడీఎఫ్.జేఎస్ జావాస్క్రిప్టు ద్వారానే పుటలను తెరపై చూపగలిగింది. 2013లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 19 నుండి అది ఆ బ్రౌజరులో భాగమైంది. క్రోమ్ బ్రౌజరులో వాడే పీడీఎఫియంను గూగుల్ 2014లో ఓపెన్ సోర్సుగా విడుదల చేసింది. వాడుకరి ఎంచుకున్న ఫైలును వెబ్ పేజీయే నేరుగా చదవడానికి ఫైల్ ఏపీఐ తోడ్పడింది. సీ, సీ++ వంటి భాషలలో రాసిన ప్రోగ్రాములను బ్రౌజరులో నడిపే వెబ్ అసెంబ్లీ 2017లో ప్రధాన బ్రౌజరులలోకి వచ్చి, 2019 డిసెంబరులో డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. ఈ సౌకర్యాల వలన సర్వరు అవసరం లేని విభజన సాధ్యమైంది.

పత్ర నిర్మాణం

పీడీఎఫ్ ఫైలులోని పుటలు పుస్తకంలోని కాగితాల వలె ఒకదాని వెనుక ఒకటి పేర్చి ఉండవు. ఫైలంతా సంఖ్యలు వేసిన ఆబ్జెక్టుల సముదాయం. సాధారణంగా ఇందులో నాలుగు భాగాలు ఉంటాయి.

* శీర్షిక: పీడీఎఫ్ కూర్పు సంఖ్యను తెలుపుతుంది.
* దేహం: పుటలు, పాఠ్యం, చిత్రాలు, ఫాంట్లు మొదలైన ఆబ్జెక్టులు ఇందులో ఉంటాయి.
* సూచిక పట్టిక: ఏ ఆబ్జెక్టు ఫైలులో ఎన్నవ బైటు వద్ద మొదలవుతుందో తెలుపుతుంది. పాత పద్ధతిలో ఇందులోని ప్రతి నమోదు సరిగ్గా 20 బైట్లు ఉంటుంది.
* ముగింపు భాగం: సూచిక పట్టిక ఎక్కడ ఉన్నదో, పత్రానికి మూలమైన ఆబ్జెక్టు ఏదో తెలుపుతుంది.

పుట అనే ఆబ్జెక్టులో సాధారణంగా పాఠ్యం గాని చిత్రాలు గాని నేరుగా ఉండవు. అవి ఏ సంఖ్య గల ఆబ్జెక్టులలో ఉన్నాయో సూచన మాత్రమే ఉంటుంది. ఉదాహరణకు 200 పుటల పుస్తకమంతటా ఒకే ఫాంటు వాడితే, ఆ ఫాంటును ఫైలులో ఒకసారి మాత్రమే ఉంచి, 200 పుటలూ దానినే సూచించవచ్చు. అందుచేత ఫైలును మధ్యకు కోసి రెండు ముక్కలు చేస్తే అవి రెండు పీడీఎఫ్ పత్రాలు కాజాలవు. ఒక ముక్కలో పట్టిక ఉండదు, రెండవ ముక్కలోని పట్టిక చూపే స్థానాలు తప్పుతాయి.

విభజన జరిగే విధానం

విభజన చేసే ప్రోగ్రాము సాధారణంగా ఈ క్రింది క్రమంలో పనిచేస్తుంది.

1. ముగింపు భాగం ద్వారా సూచిక పట్టికను చదివి, పుటల క్రమాన్ని తెలుసుకుంటుంది.
2. కోరిన పుటలను గుర్తిస్తుంది. పుట పరిమాణం, తిప్పిన కోణం వంటి లక్షణాలు పై శాఖ నుండి సంక్రమిస్తూ ఉంటే, వాటిని ఆ పుటలోనే రాస్తుంది.
3. ఆ పుటలు సూచించే ఆబ్జెక్టులను, అవి మళ్ళీ సూచించే ఆబ్జెక్టులను వరుసగా సేకరిస్తుంది.
4. సేకరించిన వాటికి కొత్త సంఖ్యలు వేసి కొత్త ఫైలులోకి నకలు చేస్తుంది.
5. కొత్త సూచిక పట్టికను, ముగింపు భాగాన్ని రాస్తుంది.

ఈ పద్ధతిలో అక్షరాలను, చిత్రాలను మళ్ళీ గీయడం జరగదు. కావున విభజన వలన ముద్రణ నాణ్యత తగ్గదు.

విభజన రకాలు

* పుటల శ్రేణిని బట్టి: వాడుకరి "1-5, 8, 11-13" అని ఇస్తే ఆ తొమ్మిది పుటలు మాత్రమే తీసుకోబడతాయి.
* సమాన భాగాలుగా: 95 పుటల పత్రాన్ని పదేసి పుటల చొప్పున విడదీస్తే 10 ఫైళ్ళు వస్తాయి. చివరి ఫైలులో 5 పుటలే ఉంటాయి.
* బుక్‌మార్కులను బట్టి: అధ్యాయాలకు బుక్‌మార్కులు ఉన్నచోట ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క ఫైలుగా వస్తుంది.
* పరిమాణాన్ని బట్టి: దరఖాస్తుల వెబ్‌సైట్లలో ఫైలు పరిమాణానికి పరిమితి ఉన్నప్పుడు ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

పుస్తకంపై అచ్చైన పుట సంఖ్య, పీడీఎఫ్‌లోని పుట సంఖ్య ఒకటి కాకపోవచ్చు. అట్ట, ముందుమాట, విషయసూచిక కలిపి 16 పుటలు ఉంటే, పుస్తకంలోని 1వ పుట పీడీఎఫ్‌లో 17వ పుట అవుతుంది. ఉపకరణాలు ఎక్కువగా రెండవ లెక్కనే అనుసరిస్తాయి.

బ్రౌజరులోని పద్ధతులు

సర్వరు పద్ధతిలో పత్రం అంతర్జాలం ద్వారా సంస్థ సర్వరుకు చేరుతుంది. విభజన అక్కడ జరిగి, ఫలితం తిరిగి వస్తుంది. వాడుకరి కంప్యూటరు పాతదైనా ఇబ్బంది ఉండదు. అయితే పెద్ద ఫైలును పంపడానికి సమయం, డేటా ఖర్చవుతాయి.

స్థానిక పద్ధతిలో జావాస్క్రిప్టు లేదా వెబ్ అసెంబ్లీ ప్రోగ్రాము మాత్రమే వెబ్‌సైటు నుండి వస్తుంది. పత్రం బ్రౌజరు జ్ఞాపకశక్తిలోకి చదవబడి అక్కడే విడదీయబడుతుంది. వందల మెగాబైట్ల స్కాను ఫైళ్ళను చిన్న ఫోనులో విడదీసేటప్పుడు జ్ఞాపకశక్తి చాలక పేజీ ఆగిపోవచ్చు.

ఏ వెబ్‌సైటూ అవసరం లేని మూడవ పద్ధతి కూడా ఉంది. పత్రాన్ని బ్రౌజరులో తెరచి, ముద్రణ ఆదేశం ఇచ్చి, ప్రింటరుకు బదులు పీడీఎఫ్‌గా భద్రపరచడాన్ని ఎంచుకొని, కావలసిన పుటల సంఖ్యలు ఇవ్వాలి. ఇది నకలు కాక పునర్ముద్రణ కాబట్టి బుక్‌మార్కులు, లింకులు పోవచ్చు. కొన్ని బ్రౌజరులలో పుట చిత్రంగా మారి, అందులోని పాఠ్యాన్ని వెతకడం, ఎంచుకోవడం కుదరదు.

గోప్యత

విభజించే పత్రాలలో మార్కుల జాబితాలు, బ్యాంకు ఖాతా వివరాలు, వైద్య నివేదికలు, గుర్తింపు పత్రాలు ఉండవచ్చు. ఒక్క పుట కోసం పత్రమంతటినీ సర్వరుకు పంపితే, అక్కరలేని పుటలు కూడా ఇతరుల కంప్యూటరుకు చేరతాయి. దానిని ఎప్పుడు తొలగిస్తారన్నది ఆ సంస్థ విధానంపై ఆధారపడి ఉంటుంది, వాడుకరి స్వయంగా నిర్ధారించుకోలేడు.

ఉపకరణం ఏ పద్ధతిలో పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. వెబ్ పేజీ పూర్తిగా తెరచుకున్న తరువాత అంతర్జాల సంబంధాన్ని తెంచి, అప్పుడు ఫైలును ఎంచి విభజించాలి. పని పూర్తయితే విభజన స్థానికంగా జరిగినట్లు. మళ్ళీ సంబంధం కలిపే ముందు ఆ పేజీని మూసివేయడం మంచిది. బ్రౌజరులోని డెవలపర్ ఉపకరణాలలో నెట్‌వర్కు విభాగాన్ని తెరచి, ఫైలు బయటకు వెళుతున్నదేమో కూడా చూడవచ్చు.

పరిమితులు, జాగ్రత్తలు

* పరిమాణం: పుటలు సగమైతే పరిమాణం సగం కానవసరం లేదు. పుటలన్నీ పంచుకునే ఫాంట్లు ప్రతి ముక్కలోనూ చేరతాయి. అందువలన ముక్కల మొత్తం పరిమాణం మూల ఫైలును మించవచ్చు.
* లింకులు: వేరే ముక్కలోకి వెళ్ళిన పుటను చూపే విషయసూచిక లింకులు పనిచేయవు.
* డిజిటల్ సంతకం: సంతకం ఫైలులోని బైట్లకు సంబంధించినది. విభజించిన ఫైలులో అది చెల్లదు. ఉదాహరణకు ఇ-ఆధార్ పీడీఎఫ్‌పై డిజిటల్ సంతకం ఉంటుంది. దానిని విడదీస్తే వచ్చే ఫైలులోని సంతకాన్ని సరిచూడడం సాధ్యం కాదు. కాబట్టి మూల ఫైలును భద్రపరచుకోవాలి.
* సంకేతపదం: సంకేతపదం గల పత్రాన్ని విభజించడానికి ముందు దానిని విప్పాలి. ఫలితంగా వచ్చే ఫైళ్ళకు సంకేతపదం లేకుండా పోవచ్చు.
* మిగిలిపోయే సమాచారం: కొన్ని ప్రోగ్రాములు పుటను జాబితా నుండి మాత్రమే తొలగించి, దాని ఆబ్జెక్టులను ఫైలులోనే వదిలివేస్తాయి. తెరపై కనబడకపోయినా తగిన ఉపకరణంతో వాటిని వెలికితీయవచ్చు. రచయిత పేరు, జోడింపులు వంటివి కూడా కొత్త ఫైలులోకి రావచ్చు. రహస్యమైన పుటలను తీసివేసినప్పుడు, మిగిలిన ఫైలు పరిమాణం ఏమాత్రం తగ్గకపోతే అనుమానించాలి.

తెలుగు పత్రాలు

భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాను చేసిన తెలుగు పుస్తకాలు అనేకం ఇంటర్నెట్ ఆర్కైవులో పీడీఎఫ్‌లుగా లభిస్తున్నాయి. ఇటువంటి వాటిలో ప్రతి పుట ఒక విడి చిత్రం కాబట్టి, ముక్కల పరిమాణం ఇంచుమించు పుటల సంఖ్యకు తగినట్లే వస్తుంది. ఒక పద్యభాగాన్నో ఒక వ్యాసాన్నో వేరుచేసి చదువుకోవడానికి విద్యార్థులకు విభజన ఉపకరిస్తుంది.

అను వంటి యూనికోడేతర ఫాంట్లతో కూర్చిన పత్రాల నుండి పాఠ్యాన్ని నకలు చేస్తే, తెలుగుకు బదులు అర్థం లేని ఇతర అక్షరాలు వస్తుంటాయి. విభజన ఈ లోపాన్ని కలిగించదు, సరిచేయదు. అది పాఠ్యాన్ని ఉన్నది ఉన్నట్లుగా కొత్త ఫైలులోకి చేరుస్తుంది. అటువంటి పాఠ్యాన్ని వెతకదగినదిగా చేయాలంటే దానిని యూనికోడులోకి మార్చడం వేరుగా చేయవలసిన పని.