చార్లీ బర్లీ

చార్లీ బర్లీ (1917–1992) అమెరికాకు చెందిన నల్లజాతి బాక్సర్. 1930ల చివరి నుంచి పదేళ్లకు పైగా వెల్టర్‌వెయిట్, మిడిల్‌వెయిట్ తరగతుల్లో అగ్రశ్రేణిలో ఉన్నా, ప్రపంచ టైటిల్ కోసం పోరాడే అవకాశం ఆయనకు ఒక్కసారి కూడా దక్కలేదు. టైటిల్ దక్కని బాక్సర్లలో మేటి ఎవరన్న చర్చ వస్తే మొదట వినిపించే పేర్లలో ఆయనది ఒకటి.

బర్లీ 1917 సెప్టెంబర్ 6న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెస్సెమర్‌లో పుట్టారు. తండ్రి నల్లజాతి బొగ్గుగని కార్మికుడు, తల్లి ఐరిష్ మూలాలున్న శ్వేతజాతి స్త్రీ. తండ్రి పోయాక కుటుంబం పిట్స్‌బర్గ్ చేరింది. అక్కడి బాలుర క్లబ్బులోనే ఆయన బాక్సింగ్ నేర్చుకున్నారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ ఎంపిక పోటీలకు పోకుండా, నాజీల జాతి విద్వేషానికి నిరసనగా బార్సిలోనాలో తలపెట్టిన పీపుల్స్ ఒలింపియాడ్‌కు వెళ్లారు. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై ఆ క్రీడలు జరగనే లేదు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఆ వయసులో అలాంటి నిర్ణయం తీసుకోవడం చిన్న విషయం కాదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రొఫెషనల్‌గా మారారు. 1938 మార్చిలో సొంత ఊరివాడే అయిన ఫ్రిట్జీ జివిక్ చేతిలో స్వల్ప తేడాతో ఓడినా, జూన్‌లోనూ మరుసటి ఏడాది జులైలోనూ అతన్ని ఓడించారు. 1938 ఆగస్టులో కోకో కిడ్‌పై 15 రౌండ్ల పోరు గెలిచారు. నవంబర్‌లో బిల్లీ సూస్‌ను ఓడించారు. ఆ సూసే 1941లో మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా గుర్తింపు పొందాడు.

1940 అక్టోబర్‌లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఓడించి జివిక్ వెల్టర్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అతన్ని రెండుసార్లు ఓడించిన బర్లీకి టైటిల్ పోరు దక్కడం న్యాయం. అది జరగలేదు. బర్లీ కాంట్రాక్టు జివిక్ వర్గం చేతికే వెళ్లిందని, అందుకే ఆ పోరుకు దారి మూసుకుపోయిందని బాక్సింగ్ చరిత్రలో చెప్పుకుంటారు. 1941 జులైలో జివిక్ నుంచి టైటిల్ గెలిచిన ఫ్రెడ్డీ కోక్రేన్ నౌకాదళంలో చేరడంతో, యుద్ధకాలమంతా టైటిల్ పోరు లేకుండానే గడిచింది. బర్లీ ఉత్తమంగా ఆడిన సంవత్సరాలు కూడా అవే.

ఆనాటి వ్యాపారం తీరు తెలిస్తేనే ఈ అన్యాయం పూర్తిగా అర్థమవుతుంది. ఎవరితో తలపడాలో చాలావరకు చాంపియన్ మేనేజరే నిర్ణయించేవాడు. బర్లీతో ఆడితే ఓడే ప్రమాదం ఎక్కువ, టికెట్ల రాబడి తక్కువ. చేతులు కిందికి వదిలి, ప్రత్యర్థి దెబ్బను తప్పించుకుని తిరిగి కొట్టే ఆయన పద్ధతి నిపుణులను ముగ్ధులను చేసింది కానీ, గ్యాలరీలను ఊపేది కాదు. వెనక పలుకుబడి ఉన్న మేనేజరూ లేడు. అన్నిటికీ మించి ఆయన నల్లవాడు. ఇదే కారణంగా టైటిల్‌కు దూరమైన హోల్మన్ విలియమ్స్, లాయిడ్ మార్షల్, ఎడ్డీ బుకర్ వంటి వారందరినీ కలిపి రచయిత బడ్ షుల్‌బెర్గ్ ‘మర్డరర్స్ రో’ అన్నాడు. వీరు పొట్టకూటికి మళ్లీ మళ్లీ తమలో తామే తలపడాల్సి వచ్చింది. బర్లీ, విలియమ్స్ ఏడుసార్లు తలపడ్డారు; చెరో మూడు గెలవగా, ఒకటి ఫలితం లేకుండా ముగిసింది.

పోరు దొరకనప్పుడు బర్లీ బరువు తేడాను కూడా పట్టించుకోలేదు. 1942 మార్చిలో మినియాపొలిస్‌లో, సుమారు 68 కిలోల బర్లీ దాదాపు 100 కిలోల జె.డి. టర్నర్‌తో తలపడ్డారు. ఆరు రౌండ్ల తర్వాత టర్నర్ మరి కొనసాగలేకపోయాడు. 1944 ఏప్రిల్‌లో విమానాల ఫ్యాక్టరీలో పనిచేస్తూనే, వ్యవధి పెద్దగా లేకుండా వచ్చిన కబురుకు ఒప్పుకుని, హాలీవుడ్‌లో ఆర్చీ మూర్‌ను పలుమార్లు నేలకూల్చి పది రౌండ్ల పోరు గెలిచారు. తరువాత లైట్ హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అయిన మూర్, తాను ఎదుర్కొన్న వారిలో బర్లీయే మేటి అని చెప్పేవాడు. ప్రఖ్యాత శిక్షకుడు ఎడ్డీ ఫచ్‌దీ దాదాపు అదే మాట.

అలాగని ఆయన అజేయుడు కాదు. 1942లోనే ఎజర్డ్ చార్లెస్ చేతిలో రెండుసార్లు ఓడారు. 1950లో విరమించేనాటికి ఆయన ఖాతాలో 98 పోరాటాలు: 83 గెలుపులు (50 నాకౌట్లు), 12 ఓటములు, 2 డ్రాలు, ఫలితం తేలనిది 1. ఆయనను నాకౌట్ చేసినవారు ఒక్కరూ లేరు. 1946లో ఓక్‌లాండ్ బిల్లీ స్మిత్‌తో జరిగిన పోరు ఫిల్మ్ ఒక్కటే ఇప్పుడు చూడటానికి మిగిలింది.

తర్వాత బర్లీ పిట్స్‌బర్గ్ నగరపాలక సంస్థలో చెత్త సేకరించే పని చేశారు. హిల్ డిస్ట్రిక్ట్‌లో ఆయన ఇంటికి దగ్గర్లో పెరిగిన నాటక రచయిత ఆగస్ట్ విల్సన్, ‘ఫెన్సెస్’లోని ట్రాయ్ మాక్సన్ పాత్రను మలచడంలో ఆయన నుంచి స్ఫూర్తి పొందాడు. ట్రాయ్ ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు, ఇప్పుడు చెత్త బండి మీద కార్మికుడు. ఆ నాటకానికి 1987లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 2016లో డెంజెల్ వాషింగ్టన్ దాన్ని సినిమాగా తీశాడు. దాన్ని చూసినవారిలో చాలామందికి బర్లీ పేరు తెలియకపోవడం విచారకరం.

1983లో ‘ది రింగ్’ పత్రిక హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 1992లో ఇంటర్నేషనల్ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. అదే ఏడాది అక్టోబర్ 16న, 75 ఏళ్ల వయసులో, పిట్స్‌బర్గ్‌లో మరణించారు.